1986 కథలో హీరోకి బెల్ బాటమ్ వేయొచ్చా?

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. 1986 దసరా సెలవుల్లో గుంటూరు జిల్లాలోని ఒక చిన్న టౌన్‌లో జరిగే కథతో తక్కువ బడ్జెట్‌లో వెబ్ సిరీస్ తీస్తున్నారు. ఇంట్లో తాతయ్య, నానమ్మ, బ్యాంకులో గుమాస్తాగా చేసే నాన్న, అమ్మ, డిగ్రీ చదివే పెద్దకొడుకు, ఇంటర్ చదివే కూతురు, స్కూలుకెళ్లే ఇద్దరు మగపిల్లలు. పెద్దకొడుకే హీరో, పక్కింటి అమ్మాయి హీరోయిన్. హీరోకి బెల్ బాటమ్, పెద్ద పెద్ద చెవుల కాలరు చొక్కా, హీరోయిన్‌కి చుక్కల చీర అనుకున్నారు. ఆదివారం పొద్దున్నే అందరూ కూర్చుని టీవీలో రామాయణం చూసే సీను కూడా రాసుకున్నారు. ఇవన్నీ ఆ కాలానికి సరిపోతాయా అని మీ ప్రశ్న.

హీరోకి బెల్ బాటమ్ వద్దు. 1986 నాటికి కాలేజీ కుర్రాళ్లు దాన్ని వదిలేసి చాలాకాలమైంది, ఎవడైనా వేసుకొస్తే వెనకనుంచి నవ్వేవాళ్లు. రామాయణం సీను కూడా కుదరదు, ఆ సీరియల్ మొదలైందే 1987 జనవరి 25న. చుక్కల చీర మరీ తప్పేం కాదు గానీ దాని మీదికి మీరు అనుకుంటున్న జాకెట్టు ఏదో అది చూసుకోవాలి, ఆ సంగతి కింద చెప్తాను.

మా నాన్నది కృష్ణా జిల్లాలో టైలర్ షాపు. నేను అక్కడే కాజాలు, గుండీలతో మొదలుపెట్టి కటింగ్ నేర్చుకున్నాను, తర్వాత హైదరాబాద్ వచ్చి సినిమాలకీ సీరియళ్లకీ కాస్ట్యూమ్స్ పనిలో పడ్డాను, ఇప్పటికీ అదే పని. ఎనభైల కథ అని వచ్చే కుర్ర డైరెక్టర్లందరూ దాదాపు మీలాంటి లిస్టుతోనే వస్తారు. ఆ లిస్టులో ఉండేది ఎనభైల బట్టలు కాదు, కాలేజీ ఫంక్షన్లలో "రెట్రో డే" అని పెడతారు చూడండి, ఆ బట్టలు. డెబ్బైల మధ్యనుంచి తొంభైల మొదలుదాకా ఉన్నదంతా కలిపి ఒకే సంచీలో వేసేస్తారు. 1977లో అడవి రాముడు వచ్చినప్పటి ప్యాంటూ 1989లో శివ వచ్చినప్పటి ప్యాంటూ పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒకే దర్జీ కుట్టాడంటే మీరే నమ్మరు.

ఇక్కడ అసలు పట్టుకోవాల్సింది ఒకటుంది. ఒక ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒకే సంవత్సరం బట్టలు వేసుకోరు. ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగిపోతారు. తాతయ్య పంచె దగ్గర ఆగిపోయాడు. నాన్న ఓ ఎనిమిది పదేళ్ల కిందట కుట్టించుకున్న కటింగ్ దగ్గర ఆగిపోతాడు, టైలర్‌తో "ఎప్పటిలాగే" అంటాడు, మా షాపులో మేం ఎక్కువగా విన్న మాట అదే. ఇంట్లో 1986లో బతుకుతున్నది హీరో ఒక్కడే, వాడూ తెర మీది హీరోకంటే ఓ రెండు అడుగులు వెనక ఉంటాడు. అందరికీ కొత్తగా 1986 మోడల్ బట్టలు కుట్టించారంటే అది ఇల్లులా ఉండదు, షోరూమ్ అద్దాల్లో నిలబెట్టిన బొమ్మల్లా ఉంటారు.

కాబట్టి మీ బెల్ బాటమ్ మోజు తీరాలంటే అది నాన్నకి వేయండి. అదీ పూర్తి గంట ఆకారంలో కాదు, కొంచెం. ఎలాగంటే, డెబ్బైల చివర్లో మా దగ్గర బెల్ బాటమ్ అంటే కింద చుట్టుకొలత 24 నుంచి 28 ఇంచులు, తొడ దగ్గర, మోకాలి దగ్గర పట్టేసినట్టు ఉండేది. తర్వాత పేరలల్ వచ్చింది, మోకాలి నుంచి కిందిదాకా ఒకే వెడల్పు, 20, 22 అలా. టెరిలిన్ (పాలిస్టర్), టెర్రికాటన్ (పాలిస్టర్, కాటన్ కలిపినది) గుడ్డ చిరగదు, రంగు పోదు, మధ్యతరగతి గుమాస్తా దాన్ని పారేయడు. తీసుకొచ్చి "బాటమ్ తగ్గించి పేరలల్ చేయి" అనేవాడు. విప్పి, కోసి, మళ్లీ కుట్టి ఇచ్చేవాళ్లం. అయితే పాత కుట్టు ఉన్నచోట సూది రంధ్రాల వరస, ఇస్త్రీ గీత నీడలాగా అలాగే ఉండిపోయేవి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు. మీ నాన్న పాత్రకి అలాంటి ప్యాంటు ఒకటి చేయించండి, ముందు వెడల్పుగా కుట్టించి, ఇస్త్రీ చేసి, విప్పి తగ్గించాలి. కెమెరా అక్కడిదాకా వెళ్లకపోయినా వేసుకున్న నటుడికి తెలుస్తుంది, ఆయన నడక మారుతుంది. నాన్న పాతబడ్డ మరో ప్యాంటు కూరగాయల సంచీ అయి ఉండాలి. ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచీ లేని ఇల్లు అప్పట్లో ఉండేది కాదు, మీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎలాగూ ప్లాస్టిక్ బుట్ట తెచ్చి పెడతారు కాబట్టి ఈ మాట వాళ్లకి ముందే చెప్పండి.

నాన్న చొక్కాకి కూడా ఒక పని ఉంది. కాలరు మెడ దగ్గర అరిగిపోతే విప్పి, తిరగేసి మళ్లీ కుట్టించుకునేవాళ్లు. అప్పటి కాలరులో బక్రం, అంటే గట్టి గుడ్డ, లోపల పెట్టేవాళ్లం, ఇప్పటిలా అంటించే ఫ్యూజింగ్ కాదు, అందుకని ఉతికాక అంచులు కాస్త ముడుచుకుని కొసలు పైకి లేస్తాయి. ఇప్పుడు రెడీమేడ్ చొక్కా కొని వేశారంటే కాలరు అట్టముక్కలా నిలబడుతుంది, ఎంత మంచి రంగు ఎంచుకున్నా అక్కడ దొరికిపోతారు. బ్యాంకు గుమాస్తా కదా, జేబు కింద సిరా మరక కూడా పెట్టుకోండి, ఎక్కువొద్దు.

ఇప్పుడు హీరో. 1986లో కుర్రాడి ప్యాంటు నడుము దగ్గర ఎత్తుగా, నాభి దాకా వస్తుంది. ముందు కుచ్చులు, అంటే ప్లీట్లు, అప్పుడప్పుడే వస్తున్నాయి. తొడ దగ్గర లూజు, కింద 16, 18 ఇంచులు. పూర్తి బ్యాగీ, కింద 14 పెట్టి పైన గాలి నింపినట్టుండేది, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి మా ఊళ్లో ఊపందుకుంది, అప్పుడే వేయకండి. చొక్కా భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, ఒంటికి అతుక్కోదు. చెయ్యి గుంట, అంటే చంక దగ్గర, ఇప్పటి స్లిమ్ ఫిట్‌కన్నా చాలా లోతు. ఇప్పటి నటులు దీన్ని ఒప్పుకోరు, జిమ్ చేసిన ఒళ్లు కనపడాలంటారు. నేను పని చేసిన ఒక సీరియల్‌లో హీరో ట్రయల్‌కి వచ్చిన ప్రతిసారీ పక్కలు పట్టించమని గొడవ, చివరికి అతని చొక్కాలన్నీ నిన్న మాల్‌లో కొన్నట్టు తయారయ్యాయి, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఎనభైల్లో ఉన్నారు. మీరు మొదటి రోజే మాట్లాడుకోండి.

గుడ్డ విషయంలో రాజీ పడకండి. స్ట్రెచ్ కలిసిన గుడ్డ, లైక్రా ఉన్నది, ఏదైనా సరే వద్దు. అది కూర్చుని లేచినప్పుడు మళ్లీ దాని చోటికి అది వచ్చేస్తుంది, టెర్రికాటన్ రాదు, మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది, సీటు దగ్గర మెరుస్తుంది. పాలిస్టర్ 67, కాటన్ 33 పాళ్లలో ఉండే గుడ్డ ఇప్పటికీ స్కూలు యూనిఫారాల కోసం దొరుకుతుంది, దాంతో కుట్టించండి, చవక కూడా. ఆ రోజుల్లో సింథటిక్ మోజు చిన్నది కాదు. 1985లో వచ్చిన జౌళి విధానం సింథటిక్ గుడ్డలకి దారి ఇంకాస్త తెరిచింది, పత్రికల్లో ఎక్కడ చూసినా "ఓన్లీ విమల్" ప్రకటనలే, కాటన్ వేసుకుంటే ఇంకో మంచి చొక్కా లేదేమో అన్నట్టు చూసేవాళ్లు. ఇప్పుడు డైరెక్టర్లు పాతకాలం అనగానే అందరికీ చేనేత కాటన్ చుట్టేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, కానీ అది 1986 మధ్యతరగతి కాదు. చేనేత నానమ్మకి వేయండి, మంగళగిరి చీర, మీ కథ జరిగే జిల్లాదే. పనిమనిషికీ, చుట్టుపక్కల కూలి పనికి వెళ్లేవాళ్లకీ ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకి ఇచ్చిన జనతా చీరలు, ధోవతులు ఉంటాయి. ఆ ముతక నేత, సన్నటి అంచు తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు.

అమ్మకి ఇంట్లో వాయిల్ చీర, బయటికి నైలెక్సో పాలిస్టరో, పండక్కి పెళ్లినాటి పట్టుచీర. బంధువుల్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉన్నట్టు కథలో ఉంటే ఒక ఫారిన్ జార్జెట్ చీర, అది మాత్రం బీరువాలోనే ఎక్కువ ఉండాలి. చీరకంటే జాకెట్టు ముఖ్యం అన్నాను కదా, కారణం చెప్తాను. చీర అప్పటిదీ ఇప్పటిదీ అయిదున్నర గజాల గుడ్డే, తేడా తెలియనీయకుండా లాగించొచ్చు. జాకెట్టు కటింగ్ దాచలేం. ఇప్పటి టైలర్‌కి పాత ఫోటో చూపించినా చేతి అలవాటు కొద్దీ వెనక లోతు మెడ పెట్టి, తాళ్లు కట్టి, వాటికి గుత్తులు వేలాడదీసి, లోపల కప్పులు పెట్టి ఇస్తారు. మగ్గం వర్క్ అయితే అసలు ఆ టౌన్‌లో ఆలోచనే లేదు. 1986లో మీ కథలోలాంటి అమ్మ జాకెట్టు రూబియా, అంటే పల్చటి జాకెట్టు గుడ్డ, మ్యాచింగ్ సెంటర్‌లో చీర కొంగు పట్టుకెళ్లి రంగు పోల్చి తెచ్చింది. వెనక మెడ గుండ్రంగా, చిన్నగా. చెయ్యి మోచేతికి రెండు మూడు ఇంచులు పైన. ముందు హుక్కులు. ఎండలో చెమటకి చంకల దగ్గర రంగు మారి ఉంటుంది, ఆ మరక చాలా నిజం, హీరోయిన్‌కి వద్దులెండి, ఒప్పుకోరు. రంగు కూడా అచ్చంగా కుదరకూడదు, ఒక ఛాయ అటూ ఇటూ ఉండాలి, ఎందుకంటే షాపులో ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు ఇంటికొచ్చేసరికి కలిసేది కాదు, దాని మీద అమ్మలు వారం రోజులు బాధపడేవాళ్లు.

ఇంటర్ అమ్మాయికి లంగా ఓణీ. ఇప్పుడు "హాఫ్ శారీ ఫంక్షన్" అని కుట్టే బరువైన లెహంగాల్లాంటివి కాదు, పూల లంగా, పల్చటి నైలాన్ ఓణీ, ఓణీ రంగు జాకెట్టు, అంతే. పంజాబీ డ్రెస్ వేయొచ్చా అని అడుగుతారు. హైదరాబాద్‌లో అయితే వేయొచ్చు. మీ టౌన్‌లో అయితే ఒకే ఒక్క అమ్మాయికి వేయండి, బదిలీ మీద వచ్చిన ఆఫీసరు కూతురికి, వీధంతా చూడాలి. మీ హీరోయిన్ ఆ అమ్మాయే అయితే కథకీ పనికొస్తుంది. జడలో కనకాంబరాలు, బొట్టు తిలకం సీసాతో పెట్టుకున్నది, స్టిక్కర్లు అప్పటికి ఆ ఊళ్లలో అంతగా లేవు.

చిన్నపిల్లలిద్దరి గురించి మీరేం రాయలేదు, నాకు మాత్రం మీ దసరా సీనులో అన్నిటికంటే బాగా పండేది వాళ్లే అనిపిస్తోంది. పండక్కి ఒక తాను గుడ్డ కొని ఇంట్లో మగపిల్లలందరికీ అందులోనే కుట్టించేవాళ్లు, మిగిలితే చెల్లెలికి గౌను. హీరో డిగ్రీలోకి వచ్చినా ఆ తాను చొక్కా తప్పదు, తమ్ముళ్లతో సమానంగా అదే గళ్ల చొక్కా వేసుకుని పక్కింటి అమ్మాయి ఎదురుగా నిలబడాల్సి రావడం, ఇంతకంటే అవమానం ఆ వయసులో ఇంకేముంటుంది. పిల్లల నిక్కర్లు పెద్దవిగా కుట్టించాలి, "పెరిగే పిల్లలు, రెండేళ్లు రావాలి" అని కొలతలిచ్చేటప్పుడే తండ్రి చెప్పేవాడు, కింద మడత ఎక్కువ వదిలేవాళ్లం. కిందటేడు నిక్కరుకి ఆ మడత విప్పిన గీత, గీతకి కింద ముదురు రంగు పట్టీ కనపడాలి. దసరా ముందు టైలర్ షాపుల గురించి కూడా ఒక సీను రాసుకోండి. పండగ ముందురోజు రాత్రి షాపు ముందు జనం, "ఇంకా కాజాలు కాలేదు" అని మేం చెప్పడం, వాళ్లు అక్కడే బెంచీ మీద కూర్చోవడం. మా నాన్న ఒకాయనకి గుండీలు లేకుండానే చొక్కా ఇచ్చి పంపారు, ఆయన పిన్నులు పెట్టుకుని పండగ చేసుకున్నాడు.

ఇక సినిమా ప్రభావం. మీరు చిరంజీవి ఫ్యాన్ కాబట్టి హీరోకి తలకి పట్టీ, జాకెట్ అని రాశారు. చూడండి, మైఖేల్ జాక్సన్ థ్రిల్లర్ వీడియో 1983 చివర్లో వచ్చింది, దాన్ని చూసి చేసిన పాట 1985లో దొంగ సినిమాలో వచ్చింది, ఆ పాట చూసి థియేటర్లో ఊగిపోయిన కుర్రాళ్లలో ఒక్కడు కూడా అలాంటి జాకెట్ కుట్టమని మా షాపుకి రాలేదు. మన ఎండకి ఎవడు వేసుకుంటాడు, ఇంట్లో ఎవరు ఊరుకుంటారు. వాళ్లు అడిగింది వేరే. చొక్కాకి రెండు జేబులు, జేబుకి మూత, భుజం మీద పట్టీ, ఇత్తడి రంగు గుండీలు, ప్యాంటు జేబు దగ్గర వేరే రంగు దారంతో కుట్టు. సినిమా నుంచి షాపుదాకా వచ్చేది అలాంటి చిన్న ముక్కే. డబ్బులకి అందుబాటులో ఉంటుంది, నాన్న కంట పడినా తిట్లు తక్కువ. మీ హీరోకి మామూలు చొక్కా వేసి ఆ భుజం పట్టీలు ఒక్కటి పెట్టండి, చాలు.

ఇంకోటి, సినిమా ఊరికి వచ్చే టైమ్ కూడా చూసుకోవాలి. అప్పుడు ప్రింట్లు తక్కువ, ముందు విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల ఆడి, తర్వాత బి సెంటర్లకి, అంటే చిన్న టౌన్లకి, ఆ తర్వాత నెలలు గడిచాక సి సెంటర్లకి, అంటే ఇంకా చిన్న ఊళ్లకి వచ్చేవి. కాబట్టి 1986 దసరాకి మీ టౌన్ గోడ మీద ఆ ఏడాది వేసవి సినిమా పోస్టర్ ఉండొచ్చు. నాగార్జున మొదటి సినిమా విక్రమ్, వెంకటేష్ మొదటి సినిమా కలియుగ పాండవులు రెండూ ఆ ఏడాదివే. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా సింహాసనం కూడా 1986 మార్చిలోనే వచ్చింది. వాటి గురించి కుర్రాళ్లు మాట్లాడుకోవచ్చు. లేడీస్ టైలర్ కూడా 1986లోనే వచ్చింది, మా వృత్తి పరువు అంతలా తీసిన సినిమా ఇంకోటి లేదు, ఆ తర్వాత ఆడవాళ్ల కొలతలు తీసుకోబోతే టేపు వంక అదోలా చూసేవాళ్లు, అయినా గోదావరి ఊళ్లలో మామూలు ఆడవాళ్లు జాకెట్టు, ఓణీ ఎలా వేసేవాళ్లో చూడాలంటే నేను ఇప్పటికీ ఆ సినిమానే పెట్టుకుంటాను.

టీవీ సంగతి. రామాయణం కావాలనుకుంటే కథని ఒక్క ఏడాది ముందుకి జరపండి, 1987 దసరాకి అది నడుస్తూనే ఉంది, 1988 జులై 31 దాకా వచ్చింది, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి. మహాభారతం 1988 అక్టోబర్ 2న మొదలైంది, దాన్ని దీంతో కలపకండి, నేను చూసిన ఒక స్క్రిప్టులో రెండూ ఒకే వారంలో పెట్టారు. 1986లోనే ఉంచాలంటే బునియాద్ సీరియల్ ఉంది, బుధవారం హిందీ పాటల చిత్రహార్ ఉంది, ఆదివారం సాయంత్రం హిందీ సినిమా ఉంది. తెలుగు సినిమా పాటల చిత్రలహరి పెడదామని ప్రతి ఒక్కరికీ ఉంటుంది, జాగ్రత్త, 1984 నుంచి దూరదర్శన్ వాళ్లు దేశమంతా పెట్టుకుంటూ పోయిన చిన్న ట్రాన్స్‌మిటర్లు ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాలనే రిలే చేసేవి, హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు కార్యక్రమాలు అన్ని ఊళ్లకీ ఒకేసారి అందలేదు. మీరు ఏ ఊరు అనుకుంటున్నారో అక్కడి పెద్దవాళ్లని ఇద్దరిని అడగండి, వాళ్లకి బాగా గుర్తుంటుంది. టీవీ గుమాస్తా ఇంట్లో ఉండకపోయినా నష్టం లేదు, వీధిలో ఒక ఇంట్లో ఉంటే చాలు. చెక్క పెట్టె, పక్కకి జరిగే తలుపులు, బ్లాక్ అండ్ వైట్, మన ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ దొరికితే ఇంకా మంచిది. డయనోరా, సాలిడేర్ అయినా సరిపోతుంది. కలర్ టీవీ 1982 నుంచి ఉంది గానీ అది రైస్‌మిల్లు ఓనరు ఇంట్లో పెట్టండి.

ఆ బ్లాక్ అండ్ వైట్‌కీ బట్టలకీ ఒక సంబంధం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. టీవీలో చూసి వచ్చిన ఆడవాళ్లు మా షాపులో రంగు ఎప్పుడూ చెప్పేవాళ్లు కాదు, వాళ్లకి తెలియదు కాబట్టి. మెడ ఆకారం చెప్పేవాళ్లు, చెయ్యి పొడవు చెప్పేవాళ్లు, అంచు వెడల్పు చెప్పేవాళ్లు. రంగు కావాలంటే సితారో జ్యోతిచిత్రో, ఆ సినిమా పత్రికల మధ్య పేజీ చింపి తెచ్చేవాళ్లు. అందుకని మీ కథలో సీరియల్ చూసి ఎవరైనా జాకెట్టు కుట్టించుకుంటే కటింగ్ అదే ఉండి రంగు పూర్తిగా వేరేగా ఉండాలి. ఇలాంటివి డబ్బు ఖర్చు లేకుండా వచ్చేవి.

రిఫరెన్సులు ఎక్కడ వెతకాలి అన్నారు. పెళ్లి ఆల్బమ్‌లు అందరూ చెప్తారు, వాటితో రెండు ఇబ్బందులు. ఒకటి, అందులో అందరూ ఉన్న వాటిలో మంచివే వేసుకుంటారు. రెండోది, ఆనాటి కలర్ ప్రింట్లు వెలిసిపోయి ఎర్రగానో పచ్చగానో తిరిగాయి, అవి చూసి "అప్పట్లో అందరూ ఇటుక రంగు వేసుకునేవాళ్లు" అనుకుని మొత్తం సిరీస్ ఆ రంగులో తీసినవాళ్లు ఉన్నారు. ఆ ఫోటోలోని చీర ఇంకా ఉంటే దాని మడతలో, ఎండ తగలని లోపలి వైపు చూడండి, అసలు రంగు అక్కడ ఉంటుంది. రోజువారీ బట్టలు మాత్రం బీరువాల్లో దొరకవు, ఎందుకంటే పాత ప్యాంట్లు, జరీ చీరలు అన్నీ స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు కొనుక్కున్నారు మన వాళ్లు. మిగిలింది బొంతల్లో ఉంది. పల్లెటూళ్లలో పాత బొంతలు అడిగి చూడండి, ఎనభైల వాయిల్ చీరల పూలు, అంచులు, టెర్రికాటన్ ముక్కలు వరసగా కుట్టి ఉంటాయి. నేను ప్రింటు వేయించాల్సి వచ్చినప్పుడల్లా బొంతల్ని ఫోటో తీసి ఇస్తాను. సినిమాలు చూస్తే హీరోని వదిలేసి వెనక చూడండి, నిజమైన వీధిలో తీసిన షాట్‌లో షూటింగ్ చూడ్డానికి నిలబడ్డ జనం ఉంటారు, వాళ్లకి ఎవరూ కాస్ట్యూమ్ ఇవ్వలేదు. పాత సినిమా పత్రికలకి ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్‌లు తిరగండి.

బడ్జెట్ తక్కువ అన్నారు కాబట్టి ఎక్కడ పెట్టాలో చెప్తాను. హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమావాళ్లకి బట్టలిచ్చే అద్దె షాపుల్లో రెట్రో ర్యాక్ జోలికి వెళ్లొద్దు, అవి పాటలకి కుట్టినవి, మెరుపులే తప్ప వాడకం ఉండదు. వాళ్ల దగ్గర పోలీసు, పోస్ట్‌మ్యాన్ యూనిఫారాలు మాత్రం తీసుకోండి. చీరలకి చీరాల, విజయవాడలో వస్త్రలత అనే బట్టల మార్కెట్ వెళ్లి పాత స్టాకు ఉందా అని అడగండి, కొత్త షాపుల్లో కాకుండా ముసలాయన కూర్చున్న షాపుల్లో, అటక మీద ఏదో ఒకటి ఉంటుంది. మిగతా డబ్బంతా కుట్టుకూలికి పెట్టండి, అరవై దాటిన టైలర్‌ని ఒకరిని పట్టుకోండి, ఆయనకి ఫోటోలు చూపించక్కర్లేదు, సంవత్సరం చెప్తే చాలు. కుట్టినవన్నీ షూటింగ్‌కి ముందు చాకలి సోడాతో ఉతికించి ఎండలో పడేయండి, ఒకసారి కాదు, గుడ్డ మెత్తబడేదాకా. తెల్ల బట్టలకి నీలిమందు కాస్త ఎక్కువ పడాలి, ముఖ్యంగా తాతయ్య పంచెకి. ఇస్త్రీ బొగ్గుల పెట్టెతో చేయించగలిగితే గీత పడే తీరే వేరు.

హీరో పాత్రధారి ఎత్తు, నడుము, సీటు కొలతలు ఇక్కడే రాస్తే ప్లీట్లు ఎన్ని పెట్టాలో, బాటమ్ ఎంత ఉంచాలో చెప్తాను, సన్నగా ఉన్నవాడికి ఒకటి, నడుము దగ్గర ఒళ్లున్నవాడికి ఇంకోటి.